ఆ ఎర్ర తెరకు మీ కంప్యూటర్ కనపడదు

(కావలిలో పింఛనుదారులు, వారి కుటుంబ సభ్యుల కోసం ఒక గ్రంథాలయంలో జరిగిన సమావేశంలో, కంప్యూటర్ రిపేరు షాపు నడిపే ఒకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి తెర కనపడుతోందా? ఆ కిటికీ తలుపు కొంచెం దగ్గరికేస్తే వెలుతురు తగ్గుతుంది. ఆ, చాలు.

మాటలకంటే ముందు ఒక వీడియో చూపిస్తాను. రిపేరుకొచ్చిన ల్యాప్‌టాప్ తెరను నా ఫోనుతో తీసి పెట్టుకున్నాను. వీడియోనే కాబట్టి ఎవరూ కంగారు పడొద్దు.

చూడండి, తెరంతా ఎర్రగా అయిపోయింది. పైన మైక్రోసాఫ్ట్ గుర్తు. మధ్యలో గీత ఒకటి పరిగెడుతోంది, స్కాన్ 62 శాతం అయిందంటోంది. పక్కన లెక్క పెరుగుతోంది, మూడు వైరస్‌లు, ఐదు, తొమ్మిది. ఆడగొంతు ఒకటి ఇంగ్లీషులో చెప్పిందే చెబుతోంది. మీ బ్యాంకు వివరాలు, ఫొటోలు దొంగల చేతికి పోతున్నాయి, కంప్యూటర్ ఆపొద్దు, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని. మౌసు బాణం కనపడటం లేదు. కొట్టేద్దామంటే ఇంటూ గుర్తు లేదు. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఇది వస్తే ఎవరికైనా చెమటలు పడతాయి. కంప్యూటర్లతో ఇరవై ఏళ్ళ అనుభవమున్న నాకు కూడా మొదటిసారి గుండె ఝల్లుమంది.

ఇప్పుడు రెండో వీడియో. అదే పేజీని తరవాత నా ఆండ్రాయిడ్ ఫోనులో తెరిచాను. ఏమంటోందో చదవండి. "సి డ్రైవ్‌లో వైరస్ దొరికింది." ఫోనులో సి డ్రైవ్ ఎక్కడుందండీ? అది విండోస్ కంప్యూటర్‌లో ఉండేది. అయినా అవే తొమ్మిది వైరస్‌లు, అవే పేర్లు, అదే వరస. అంతకుముందు రోజే విండోస్ కొత్తగా వేసిన ఇంకో కంప్యూటర్‌లోనూ తెరిచాను, అక్కడా తొమ్మిదే.

నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది ఈ సంగతి చెప్పడానికే. ఆ పేజీకి మీ కంప్యూటర్ కనపడదు. అది స్కాన్ చేయడం లేదు. పరిగెత్తే ఆ గీత ఒక బొమ్మ, పెరిగే ఆ అంకె ముందే రాసిపెట్టిన అంకె. బస్టాండులో ముక్కూ మొహం తెలియనివాడు ఎదురొచ్చి "మీ ఇంట్లో దొంగలు పడ్డారు" అన్నట్టన్నమాట. వాడు మీ ఇల్లు చూళ్ళేదు, మీ వీధి ఏదో కూడా వాడికి తెలియదు.

క్రోమ్ కానివ్వండి, ఎడ్జ్ కానివ్వండి, ఫైర్‌ఫాక్స్ కానివ్వండి, బ్రౌజరు ఏ వెబ్ పేజీనైనా ఒక గదిలో పెట్టి బయట గడియ వేసి నడుపుతుంది. దాన్ని శాండ్‌బాక్స్ అంటారు. ఆ గదిలో ఉన్న పేజీ మీ ఫైళ్ళను తనంతట తాను చూడలేదు. మీరు చేత్తో ఎంచి పంపిన ఫైలు మాత్రమే దానికి అందుతుంది. బ్రౌజరును అప్‌డేట్ చేసుకుంటున్నంత కాలం ఆ గడియ గట్టిగానే ఉంటుంది. ఏళ్ళ తరబడి అప్‌డేట్ చేయకపోతే మాత్రం సందులు పడతాయి, అందుకే అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకండి.

"మరి మా ఊరి పేరు ఎట్టా చెప్పింది?" అని చాలామంది అడుగుతారు. మీరు ఏ సైటు తెరిచినా మీ నెట్ కనెక్షన్ నంబరు ఆ సైటుకి తెలుస్తుంది, ఐపీ అడ్రసు అంటారు. దాన్నిబట్టి ఊరిని సుమారుగా ఊహిస్తారు. కావలిలో కూర్చున్న మనకి చాలాసార్లు చెన్నై అనో, హైదరాబాద్ అనో చూపిస్తుంది. మీ ఫోను ఏ కంపెనీదో, ఏ మోడలో కూడా బ్రౌజరే చెబుతుంది. ఈ రెండు ముక్కలూ అన్ని సైట్లకీ తెలిసేవే. వాటిని తెర మీద పెద్దక్షరాలతో రాసి మనల్ని బెదిరిస్తున్నారు.

ఈ మోసం ఇవాళ పుట్టింది కాదు. 2006లో ఇక్కడే ట్రంకు రోడ్డులో నెట్ సెంటర్ పెట్టాను. అప్పట్లో ఫోన్ నంబరు ఉండేది కాదు. విన్‌ఫిక్సర్ అనీ, ఎక్స్‌పీ యాంటీవైరస్ అనీ పేర్లు పెట్టి, వైరస్‌లున్నాయని చూపించి, పోగొట్టాలంటే మా సాఫ్ట్‌వేర్ కొనమనేవాళ్ళు. 2008లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద కోర్టుకు వెళ్ళింది. పది లక్షల మందికి పైగా కొన్నారని తేలింది. 2012లో ఒక ముద్దాయి మీద 16 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టమని తీర్పొచ్చింది. ఆ తరవాత పద్ధతి మార్చారు. సాఫ్ట్‌వేర్ ఒకసారి అమ్మితే ఒకసారే డబ్బు, అదే మనిషిని ఫోనులో కూర్చోబెడితే ఎంతైనా పిండొచ్చు. అందుకే ఆ ఎర్ర తెర మీద నంబరు వచ్చి చేరింది. 2023 అక్టోబరులో మన సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతో 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ పేర్లు చెప్పుకుని విదేశీయులకు ఫోన్లలో మాయమాటలు చెప్పే కాల్ సెంటర్ల మీద ఆ కంపెనీలే ఫిర్యాదు చేశాయి.

కాల్ సెంటరంటే ఏదో దూరపు సంగతిలా ఉంటుంది. దగ్గరి సంగతి చెబుతాను.

హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు. పేరు చెప్పను, ఆయన చెప్పొద్దన్నారు. కానీ జరిగింది నలుగురికీ చెప్పు అన్నారు. మనవరాలి కోసం ఎంసెట్ పాత ప్రశ్నపత్రాలు వెతుకుతున్నారు. అలాంటి సైట్లలో డౌన్‌లోడ్ అని పచ్చ బటన్లు నాలుగైదు ఉంటాయి, వాటిలో అసలైంది ఒక్కటే, మిగతావి ప్రకటనలు. మాస్టారు వేరేది నొక్కారు. ఎర్ర తెర వచ్చింది, ఆడగొంతు మొదలైంది. ఆయన నంబరుకి ఫోన్ చేశారు.

అవతలివాడు చాలా మర్యాదగా, మాటకోసారి సర్ అంటూ మాట్లాడాడట. విండోస్ గుర్తున్న మీట, ఆర్ మీట కలిపి నొక్కమన్నాడు. వచ్చిన చిన్న పెట్టెలో అక్షరాలు ఒక్కొక్కటే చెప్పి కొట్టించాడు. ఈవెంట్ వ్యూయర్ తెరుచుకుంది. అందులో ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు వందల్లో ఉన్నాయి. "చూశారా సర్, ఇవన్నీ వైరస్‌లే" అన్నాడు.

ఇప్పుడు ఈ తెర మీద చూడండి. ఇది నా సొంత ల్యాప్‌టాప్, రోజూ నేనే చూసుకునేది. ఈవెంట్ వ్యూయర్ తెరుస్తున్నాను. లెక్కపెట్టండి ఎర్ర గుర్తులు. ఈ పేజీలోనే పదిహేడు. ఇది సబ్‌స్టేషన్లో రాసే లాగ్‌బుక్కు లాంటిది. ప్రింటరు దొరకలేదు, ఫలానా ప్రోగ్రాము ఆలస్యంగా మొదలైంది, నెట్ ఒక క్షణం పోయింది, ఇలా ప్రతి చిన్నదీ రాసుకుంటుంది. లోకంలో ఏ విండోస్ కంప్యూటర్‌లో చూసినా ఈ ఎర్ర గుర్తులుంటాయి. చూసేవాళ్ళకి ఆ సంగతి తెలియదన్న ధైర్యంతోనే వాడు దాన్ని తెరిపిస్తాడు.

అక్కణ్ణుంచి ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించాడు. ఆ యాప్ మంచిదే, మేమూ దూరంగా ఉన్నవాళ్ళ కంప్యూటర్ బాగుచేయడానికి వాడతాం. కానీ అది వేసి అందులోని నంబరు చెప్పామంటే ఇంటి తాళంచెవి చేతికిచ్చినట్టే. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు ఈ యాప్‌తో జరిగే మోసాల గురించి బ్యాంకులను హెచ్చరించింది. మాస్టారి దగ్గర ఐదేళ్ళ రక్షణ అని 14,999 రూపాయలు తీసుకున్నాడు. రెండు రోజులాగి మళ్ళీ ఫోను. కంపెనీ మూసేస్తున్నాం, మీ డబ్బు వెనక్కి ఇస్తాం, బ్యాంకు పేజీ తెరవండి సర్ అని. ఆ పూట ఇంకో 48 వేలు పోయాయి.

డబ్బు పోవడం ఒకెత్తు. పదకొండు రోజులు ఆయన ఎవరికీ చెప్పలేదు. కొడుక్కి చెప్పలేదు, బ్యాంకులో చెప్పలేదు. చివరికి అమ్మగారు నాకు ఫోన్ చేశారు. "నాయనా, సార్ అన్నం సరిగా తినడం లేదు. కంప్యూటర్ ఉన్న గదిలోకి పోవడమే మానేశారు. ఒకసారి వచ్చి చూడు" అన్నారు. నేను వెళ్ళాను. అంతా విని నోరుజారి, "లెక్కల మాస్టారు, మీరెట్టా నమ్మారు సార్?" అన్నాను. ఆయన తల దించుకున్నారు. క్లాసులో మా తప్పులు దిద్దేటప్పుడు ఆయన ఏనాడూ మమ్మల్ని అలా తల దించుకునేట్టు చేయలేదు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు బాధే.

ఇక్కడ పిల్లలు, కోడళ్ళు, అల్లుళ్ళు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. పెద్దవాళ్ళు వచ్చి ఇలా జరిగింది అంటే, ఎందుకు నొక్కావు అని దయచేసి అడక్కండి. ఆ ప్రశ్నకు భయపడే వాళ్ళు పదకొండు రోజులు దాచుకుంటారు. మొదటి గంటలో చెబితే దారి ఉంది. 1930కి ఫోన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ డబ్బు మోసాల కోసం పెట్టిన నంబరది. డబ్బు ఏ ఖాతాలోకి వెళ్ళిందో ఆ బ్యాంకుకి సమాచారం వెళుతుంది, ఇంకా అక్కడే ఉంటే ఆపుతారు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే సైటులోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. మాస్టారితో నేను 1930కి చేయించేసరికి ఆ డబ్బు ఖాతాలు మారి మారి ఎటో పోయింది.

బ్యాంకుకి వెంటనే చెప్పడానికి ఇంకో కారణముంది. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన పొరపాటుతోనే, మనమే ఓటీపీ చెప్పి డబ్బు పోయినా, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయినంతే మన నష్టం. తెలియజేసిన తరవాత పోయింది బ్యాంకు భరించాలి. మన తప్పు లేకుండా మధ్యలో ఎక్కడో జరిగిన మోసమైతే 3 పని దినాల్లోపు చెబితే మనకి బాధ్యతే లేదు. తెలియజేసినప్పుడు ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి.

సరే, ఎర్ర తెర వచ్చింది. ఏం చేయాలి? ముందు కంప్యూటర్ శబ్దం తగ్గించేయండి. ఆ గొంతు ఆగితే సగం టెన్షన్ పోతుంది, ఇది నేను చాలామందిలో చూశాను. తరవాత కీబోర్డులో ఎడమ పక్క పైమూల ఎస్కేప్ మీట. ఒకసారి నొక్కి వదిలితే పోకపోవచ్చు, మూడు నాలుగు సెకన్లు అలాగే నొక్కి పట్టుకోండి. తెర చిన్నదవుతుంది, పైన ట్యాబ్ కనపడుతుంది, మూసేయండి. అలా పోకపోతే ఆల్ట్ పట్టుకుని ఎఫ్ 4 నొక్కండి. దానికీ కదలకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి. ఈ మూడు మీటల్ని ఏ వెబ్ పేజీ అడ్డుకోలేదు, విండోస్ దాన్ని తన చేతిలోనే ఉంచుకుంది. అక్కడ టాస్క్ మేనేజర్ తెరిచి, బ్రౌజరు పేరు మీద నొక్కి, ఎండ్ టాస్క్ అనండి. ఇవేవీ గుర్తు రాకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, కంప్యూటర్ ఆగిపోతుంది.

"ఆపొద్దని రాసుందే, ఆపితే పాడైపోదా?" అని నన్ను చాలామంది అడిగారు. ఆపితే ఆ పేజీ పోతుంది, నంబరు పోతుంది, వాడి పని చెడుతుంది. అందుకే ఆపొద్దంటాడు. మళ్ళీ బ్రౌజరు తెరిచినప్పుడు, పాత పేజీలు రిస్టోర్ చేయమంటారా అని అడుగుతుంది. వద్దనండి. అవునంటే అదే పేజీ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

నిజంగా వైరస్ ఉందేమో అని అనుమానమైతే మీరే వెళ్ళి చూడొచ్చు. స్టార్ట్ నొక్కి విండోస్ సెక్యూరిటీ అని కొట్టండి. విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌తోనే వస్తోంది, వేరే కొననక్కర్లేదు. అక్కడ స్కాన్ పెడితే అది నిజంగా మీ ఫైళ్ళను చూస్తుంది. దాని హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వమని మైక్రోసాఫ్టే చెప్పింది. మీకు గుర్తుండాల్సింది ఇదొక్కటైనా చాలు. నంబరు కనపడిందా, అది దొంగదే.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. 2024 నుంచి ఇంకో రకం బాగా పెరిగింది. మీరు రోబో కాదని నిరూపించుకోండి, లేదా ఈ లోపం సరిచేసుకోండి అని ఒక పెట్టె వస్తుంది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి, తరవాత కంట్రోల్, వి నొక్కండి, ఎంటర్ కొట్టండి అంటుంది. ఇందాక గడియ వేసిన గది అన్నాను కదా. లోపలున్నవాడు గడియ తీయలేడు, బయటున్న మనచేతే తీయిస్తున్నాడు. మనకు తెలియకుండా ఒక ఆదేశాన్ని కాపీ చేసి ఉంచుతాడు, మనమే దాన్ని అతికించి ఎంటర్ కొడతాం. అప్పుడు మాత్రం నిజంగానే వైరస్ వస్తుంది. ఏ వెబ్ పేజీ చెప్పినా విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కొద్దు.

ఇక ఫోన్లు. అల్లూరు వైపు రొయ్యల గుంటలున్న రైతు ఒకాయన, రోజూ పొద్దున్నే ఫోనులో కౌంటు ధర చూసుకుంటాడు. "అబ్బాయ్, ఫోనుకి వైరస్ పట్టిందయ్యా, ఏం చేస్తావో చెయ్" అంటూ వచ్చాడు. ఫోను బల్ల మీద పెట్టిన ఐదు నిమిషాల్లో నాలుగుసార్లు టింగుమంది. బ్యాటరీ పాడైపోతోంది, నాలుగు వైరస్‌లున్నాయి, సిమ్ కార్డు చెడిపోతుంది అని. ఎవరో ఫోను మొత్తం రీసెట్ చేయమన్నారట. చేసుంటే కూతురి పెళ్ళి ఫొటోలు పోయేవి.

ఫోనుకి ఏమీ కాలేదు. ఎప్పుడో ఏదో సైటులో, మీరు రోబో కాకపోతే అలౌ నొక్కండి అంటే నొక్కాడు. ఫోను తెలుగులో పెట్టుకున్నవాళ్ళకి అనుమతించు అని కనపడుతుంది. ఆ ఒక్క నొక్కుతో ఆ సైటుకి మీ ఫోనులో నోటిఫికేషన్లు వేసే హక్కు ఇచ్చినట్టు. సైటు మూసేసినా అవి వస్తూనే ఉంటాయి. కంప్యూటర్‌లోనూ ఇంతే, తెర కుడి పక్క కింద మూలన అచ్చం విండోస్ హెచ్చరికలా వస్తాయి. దగ్గరగా చూస్తే ఆ పెట్టెలోనే చిన్నక్షరాలతో క్రోమ్ అనో, ఏదో సైటు అడ్రసో ఉంటుంది. అదే ఆనవాలు. ఆయన ఫోనులో అలాంటివి పదకొండు సైట్లున్నాయి. తీసేయడానికి రెండు నిమిషాలు పట్టింది. డబ్బులిస్తానన్నాడు, నేను తీసుకోలేదు. బాగుచేయాల్సిందేమీ లేని ఫోనుకి డబ్బెందుకు?

బ్రౌజర్లు కూడా కొంత చేస్తున్నాయి. 2025లో ఎడ్జ్‌లో స్కేర్‌వేర్ బ్లాకర్ అని పెట్టారు, తెర నిండా వచ్చే ఇలాంటి పేజీలను పసిగట్టి ఆపుతుంది. సెట్టింగ్స్‌లో చూసుకుని ఆన్ చేసుకోండి.

ఎవరికైనా ఇప్పటికే ఇలా జరిగి, వాడికి కంప్యూటర్ అప్పగించేసి ఉంటే, ముందు నెట్ తీసేయండి, రూటరు స్విచ్చి ఆపేయండి. వాడు వేయించిన యాప్ తీసేయండి. పాస్‌వర్డులు ఆ కంప్యూటర్‌లో కాకుండా వేరేదాంట్లో మార్చండి, ముందు ఈమెయిల్‌ది, తరవాత బ్యాంకుది. బ్యాంకుకీ 1930కీ అప్పటికే చెప్పి ఉండాలి. ఆ కంప్యూటర్‌ని నా దగ్గరికే తేనక్కర్లేదు, తెలిసిన మెకానిక్ ఎవరికైనా చూపించి ఫొటోలు, కాగితాలు వేరుగా దాచి విండోస్ కొత్తగా వేయించుకోండి.

ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలోంచి ఒకావిడ: బాబూ, నాకూ ఆ టింగు టింగుమనేవి వస్తున్నాయి. పొద్దున్నించీ ఆరొచ్చాయి. మా అబ్బాయికి చెబితే కోప్పడతాడని చెప్పలేదు.)

ఇటివ్వండమ్మా. లేదు లేదు, మీరు లేవొద్దు, నేనే వస్తాను... ఈ ఫోను క్రోమ్‌లో పైన కుడి పక్కన మూడు చుక్కలున్నాయి చూడండి. అది నొక్కి సెట్టింగ్స్. కిందికి జరపండి, సైట్ సెట్టింగ్స్. అందులో నోటిఫికేషన్స్. ఇదిగో లిస్టు. మీరెప్పుడైనా ఈ పేర్లు విన్నారా? వినలేదు కదా. మూడున్నాయి. మొదటిది నేను తీసేస్తున్నాను, చూడండి, పేరు మీద నొక్కి, బ్లాక్. అంతే. రెండోది మీరు తీయండి. పేరు మీద నొక్కండి. ఆ, అదే. ఇప్పుడు కింద... అవునమ్మా, అదే, నొక్కండి. పోయింది. మూడోది కూడా మీరే.